పొలానికి ఏ బండి? బరువు, బాట, రోజుల లెక్క

2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, తెలంగాణలో 1.00 హెక్టారు. రెండు చోట్లా రెండున్నర ఎకరాల లోపే. ఇంత చిన్న కమతాల చుట్టూ ఇవాళ తిరిగే బండ్లు మాత్రం చాలా రకాలు. గట్టు మీద టీవీఎస్ ఎక్సెల్, డొంకలో ట్రాక్టరు ట్రక్కు, ఊరి రోడ్డు మీద ఆటో ట్రాలీ, మార్కెట్ యార్డు గేటు ముందు టాటా ఏస్, బొలెరో పికప్. వీటిలో పనికిరానిదంటూ ఏదీ లేదు. ఒక రైతుకు అన్నం పెట్టే బండే పక్క రైతును అప్పుల్లోకి దింపుతుంది. తేడా బండిలో లేదు, ఆ రైతు పనిలో ఉంది.

అందుకే ఈ వ్యాసం ఏ కంపెనీ మంచిదన్న చర్చలోకి వెళ్లదు. ఏ పనికి ఏ తరగతి బండి సరిపోతుంది, ఏది ఎక్కడ దెబ్బతింటుంది, చట్టం ఏమంటుంది, వాయిదా ఎవరు కడతారు అన్నవి వరుసగా పరిశీలిస్తుంది. ఈ పరిశీలన నుంచి తేలేది ఒక్కటే. బండి కొనాల్సింది ఏడాది పొడవునా పడే పనిని చూసి. పంట చేతికొచ్చే ఆ పది పదిహేను రోజుల బరువును చూసి కాదు. ఆ రోజులకు కిరాయి బండి ఉంది.

ముందు వేసుకోవాల్సిన మూడు లెక్కలు

మొదటిది బరువు. ఎకరానికి 30 బస్తాల వరి పండిందనుకుందాం. కోస్తాలో బస్తా 75 కిలోలు కాబట్టి ఎకరానికి 2,250 కిలోలు, మూడెకరాలకు దాదాపు ఏడు టన్నులు. కోత మిషను దిగితే ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే కళ్లంలోకి, అక్కడి నుంచి కాటాకు వెళ్లాలి. ఏడాదికి రెండు పంటలైనా ఈ బరువు పడేది వేళ్ల మీద లెక్కపెట్టే రోజులే. ఆయిల్ పామ్ తోట సంగతి వేరు. పది ఎకరాల ముదురు తోట ఎకరానికి ఎనిమిది టన్నుల చొప్పున ఏడాదికి 80 టన్నుల గెలలు ఇస్తే, పది పన్నెండు రోజులకొకసారి కోతలో దాదాపు రెండున్నర టన్నులు వస్తాయి. కోసిన గెల 24 గంటల్లో మిల్లుకు చేరాలి. ఆలస్యమైన కొద్దీ నూనెలో ఆమ్లాలు పెరిగి నాణ్యత పడిపోతుంది. ఏలూరు జిల్లాలోనో, అశ్వారావుపేట చుట్టుపక్కలో ఉన్న పామాయిల్ రైతుకు అందుకే ఏడాదంతా పని చేసే బండి కావాలి. వరి రైతుకు అక్కర్లేదు.

బరువుతో పాటు సరుకు ఆకారాన్నీ చూడాలి. టమాటా క్రేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు, కానీ కింది వరస నలగకూడదు. పత్తి తేలిక, చోటు మాత్రం కొండంత కావాలి. వరంగల్ ఎనుమాముల యార్డుకు విడి పత్తి తెచ్చే పికప్‌లకు పక్కన ఎత్తుగా చట్రం కట్టించేది ఇందుకే. మిరప బస్తాలకు తడి తగలకూడదు, కాబట్టి పట్టా, తాడు, కొక్కేలు బండిలో భాగమే అనుకోవాలి. పాల క్యాన్లకు కుదుపు పడదు. ఎండుగడ్డికి, పత్తికి ఎత్తు పెంచే కొద్దీ తలబరువు పెరిగి మలుపులో బండి వాలుతుంది.

రెండోది బాట. నల్లరేగడిలో వాన పడిన మర్నాడు బరువుతో ఉన్న పికప్ ఇరుసు దాకా దిగబడుతుంది. ఎర్రచెలకలో అదే బండి రెండు గంటలు ఎండ కాస్తే నడుస్తుంది. కోనసీమ కొబ్బరి తోటల్లో గట్టు సన్నం, వంతెన చిన్నది, మలుపు ఇరుకు. అక్కడ మూడు చక్రాల బండే గతి. పాడేరు మన్యంలో రోడ్డు చేరని గూడేలకు ఇప్పటికీ గుర్రాల మీద సరుకు చేరవేస్తారు. మట్టి దారైనా ఉన్న చోట నాలుగు చక్రాలకూ శక్తి అందే జీపు తప్ప మరొక బండి పైకి వెళ్లదు. బండి ఎంపికలో ఎక్కువ మంది మరిచిపోయేది పొలం నుంచి తారు రోడ్డు వరకు ఉన్న ఆ అర కిలోమీటరునే. దాన్ని ఆగస్టులో ఒకసారి నడిచి చూసి నిర్ణయించుకోవాలి, ఏప్రిల్‌లో చూసి కాదు.

మూడోది రోజులు. ఏడాదిలో ఎన్ని రోజులు బండి కదులుతుంది, కదిలిన రోజు ఎంత దూరం పోతుంది, తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తుందా, ఎరువో దాణానో ఏదైనా తెస్తుందా? ఈ మూడు కాగితం మీద రాసుకుంటే షోరూం మెట్లెక్కకముందే సగం నిర్ణయం అయిపోతుంది.

రోజూ తిరిగే చిన్న బండ్లు

తెలుగు పల్లెల్లో వ్యవసాయ వాహనం అనగానే ట్రాక్టరు గుర్తొస్తుంది గానీ, ఎక్కువ రోజులు పొలం చూసేది ఎక్సెల్ లాంటి మోపెడ్. 1980లో టీవీఎస్ 50తో మొదలైన ఆ వంశం 2015లో నాలుగు స్ట్రోకుల ఎక్సెల్ 100 వరకు వచ్చింది. కాళ్ల ముందు చదునైన చోటు, వెనక సీటు తీసేస్తే మోపు కట్టుకునే వీలు, గేర్లు లేకపోవడం, ఏ ఊరిలోనైనా బాగుచేసే మెకానిక్ దొరకడం, ఇవన్నీ కలిసి దాన్ని రైతు బండిగా నిలబెట్టాయి. దాని మోత పరిమితి 130 కిలోలు, నడిపే మనిషి బరువూ అందులోనే. 65 కిలోల మనిషి 25 కిలోల రొయ్యల మేత సంచులు రెండు పెట్టుకుంటే 115 కిలోలు. భీమవరం, కైకలూరు చెరువు గట్ల మీద ఇది సరిపోయే పని. మూడో సంచి, దాని మీద ఇంకో మనిషి ఎక్కితే ముందు చక్రం తేలిపోతుంది, బ్రేకు పట్టదు. రెండు మూడు ఎకరాల రైతుకు విత్తనం, మందు, మేత, గడ్డిమోపు, పాలక్యాను లాంటి పనుల్లో అధికభాగం ఈ ఒక్క బండితో తీరుతుంది.

దాని పైమెట్టు మూడు చక్రాల ఆటో ట్రాలీ. పియాజియో ఆపే, మహీంద్రా ఆల్ఫా, బజాజ్ మ్యాక్సిమా ఈ తరగతివి. అర టన్నుకు అటూ ఇటూ మోస్తాయి. కూరగాయలు, పూలు, పాలు, కోడిగుడ్లు, నర్సరీ మొక్కలు వీటికి సరైన సరుకు. ఇరుకు సందులో వెనక్కి తిప్పుకోవడం సులువు. పళ్లెం ఎత్తు తక్కువ కాబట్టి ఇద్దరు ఆడవాళ్లే క్రేట్లు ఎక్కించగలరు. 1999లో రైతు బజార్లు వచ్చాక ఊరి పక్క పట్నానికి సొంతంగా కూరగాయలు తీసుకెళ్లే రైతుకు ఈ బండి కలిసొచ్చింది. బలహీనత మూడో చక్రంలోనే ఉంది. ముందు ఒక్క చక్రమే కాబట్టి మలుపులో వేగం, ఎత్తైన లోడు రెండూ కలిస్తే పక్కకు పడుతుంది. పాతిక ముప్ఫై కిలోమీటర్లు దాటిన మార్కెట్‌కు, జాతీయ రహదారి మీద రాత్రి ప్రయాణానికి ఇది తగదు.

ఎడ్లబండిని కాలం చెల్లినదిగా కొట్టేయడం తొందరపాటు. టైరు చక్రాల బండి మంచి జత ఎద్దులతో దాదాపు టన్ను లాగుతుంది, ఏ బురదలోనైనా పోతుంది, పెంటను పొలానికి తిరిగిస్తుంది. దుక్కికి, గుంటకకు ఇప్పటికే ఎద్దులున్న ఇంట్లో పొలం లోపలి మోతకు అది చాలు. బండి కోసం మాత్రమే ఎద్దుల్ని మేపడం నేటి కూలి రేట్లలో గిట్టదు.

ట్రాక్టరు, దాని వెనక ట్రక్కు

ట్రాక్టరుకు తొలి పని లాగడం, మోయడం ఆ తర్వాతిది. ఈ క్రమం మరిచి కేవలం సరుకు తోలడానికి ట్రాక్టరు కొంటే నష్టం. దుక్కి, దమ్ము, రోటావేటరు, మందు పిచికారీ, నీళ్ల ట్యాంకరు, వాటి మధ్య మోత అన్నీ ఉంటేనే 40-50 హార్స్‌పవర్ ట్రాక్టరు తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. సొంత పొలం పది ఎకరాల లోపైతే, ఊళ్లో మరో ముప్ఫై నలభై ఎకరాల కిరాయి దుక్కి దొరికితేనే ఆ లెక్క నిలుస్తుంది.

బురద బాటలో మూడు నాలుగు టన్నులు లాగే బండి మరొకటి లేదు. వెనక పెద్ద చక్రాలు, కింది గేర్లు, నేలకు ఎత్తైన ఇరుసు దాని బలం. రోడ్డెక్కగానే ఇవే బలహీనతలు. వేగం తక్కువ, కుదుపు ఎక్కువ, డీజిలు తాగుడు ఎక్కువ. అన్నిటికీ మించి, మన ఊళ్ల ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. నాలుగు టన్నుల ట్రక్కును ఆపే భారమంతా ముందున్న ట్రాక్టరు బ్రేకుల మీదే పడుతుంది. కాలువ గట్టు ఎక్కేటప్పుడు వెనక బరువు లాగితే ముందు చక్రాలు లేస్తాయి. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే ట్రక్కే ట్రాక్టరును నెట్టుకుపోతుంది. ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను కలిపే గొళ్లెం రోడ్డు మీద పెట్టి తీరాలి. లేకపోతే ఒకవైపు చక్రమే పట్టి బండి గిర్రున తిరుగుతుంది. రాత్రిపూట వెనక దీపం, మెరిసే ఎర్ర పట్టీ లేని ట్రక్కు రోడ్డు పక్కన ఆగితే దాన్ని గుద్దుకునేది మన ఊరి మోటారు సైకిలే. దమ్ము చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది, జరిమానా పడుతుంది.

పొలానికి పది కిలోమీటర్ల లోపు కళ్లం, కొనుగోలు కేంద్రం ఉంటే ట్రక్కు సరైనదే. అరవై కిలోమీటర్ల అవతలి యార్డుకు ట్రాక్టరుతో సరుకు తోలడం డీజిలునీ టైర్లనీ కరిగించడమే.

కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన సాంకేతిక విషయం ఒకటుంది. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కఠినమైన ట్రెమ్-4 కాలుష్య ప్రమాణం వర్తిస్తోంది. దానితో ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థ వచ్చింది, ధరా పెరిగింది. అంతకంటే చిన్న ఇంజన్లలో పాత తరహా పంపు కొనసాగుతోంది కాబట్టి ఊరి మెకానిక్కే విప్పి బిగించగలడు. పెద్ద బురద పొలాలు, బరువైన పనిముట్లు లేని రైతుకు 50 దాటాల్సిన పని అరుదు.

తోటల రైతుకు ఇంకో దారి ఉంది. బత్తాయి, నిమ్మ, మామిడి, ద్రాక్ష వరసల మధ్య మీటరు వెడల్పులో దూరిపోయే 15 నుంచి 28 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్లు. అంతర సేద్యం, పిచికారీ, తోట లోపల టన్ను సరుకు మోత, ఈ మూడూ ఒక్క ఇంజనుతో జరుగుతాయి. పవర్ టిల్లరు ఇంకా చవక. 13 హార్స్‌పవర్ టిల్లరు చిన్న వరి మళ్లలో దమ్ము చేసి, వెనక చిన్న ట్రక్కు తగిలిస్తే ధాన్యమూ తెస్తుంది. కానీ దాన్ని పట్టుకుని రోజంతా నడిచే మనిషి భుజాలు, మోచేతులు ఆ అదురుకు అలసిపోతాయి. రోడ్డు ప్రయాణానికి అది బొత్తిగా పనికిరాదు.

మినీ ట్రక్కులు, పికప్‌లు

చిన్న ట్రక్కుల కథలో తెలుగు నేలకు పాత చోటుంది. 1980ల్లో జపాన్ కంపెనీల సాంకేతికతతో దేశంలో తేలికపాటి ట్రక్కులు మొదలైనప్పుడు, వాటిలో ఒకటైన ఆల్విన్ నిస్సాన్ జహీరాబాద్‌లో తయారైంది. దాన్ని తర్వాత మహీంద్రా తీసుకుంది. అదే ఊళ్లో 2013 నుంచి ట్రాక్టర్లూ తయారవుతున్నాయి. 1986లో వచ్చిన టాటా 407 పట్నం సరుకు బండిగా పేరు తెచ్చుకుంది. రైతుకు అందుబాటులోకి వచ్చిన మలుపు మాత్రం 2005. ఆ ఏడాది మే నెలలో టాటా ఏస్ వచ్చింది. ఆటోకూ పెద్ద వ్యానుకూ మధ్య ఖాళీగా ఉన్న చోటును అది నింపింది. రెండు సిలిండర్ల ఇంజను, నాలుగు చక్రాలు, ముప్పావు టన్ను మోత. ఆ దారినే మహీంద్రా జీతో, మారుతి సూపర్ క్యారీ వచ్చాయి. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ మోతను టన్నుంపావుకు పెంచింది. 2025 జూన్‌లో ఏస్ ప్రో 3.99 లక్షల షోరూం ధరతో మొదలై మినీ ట్రక్కును ఆటో ట్రాలీ ధరకు బాగా దగ్గర చేసింది.

ఏస్ తరగతి బండి తారు రోడ్డుకు, గట్టి మట్టి బాటకు సరిపోతుంది. టమాటా క్రేటుకు పాతిక కిలోలకు పైగా పడుతుంది కాబట్టి ముప్పావు టన్నుకు పాతిక నుంచి ముప్ఫై క్రేట్లు. మదనపల్లె చుట్టూ ఎకరం రెండెకరాల టమాటా, వంగ, బీర వేసి రెండు రోజులకొకసారి కోసే రైతుకు ఇది కొలిచినట్టు సరిపోతుంది. చిన్న చక్రాలు, నేలకు తక్కువ ఎత్తు దాని హద్దులు. గాడి పడిన బండ్ల బాటలో అడుగుభాగం తగులుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాల మీద బరువు లేక తడి మట్టిలో జారుతుంది.

బొలెరో పికప్ తరగతి వేరు. టన్నుంపావు నుంచి టన్ను 700 కిలోల వరకు మోత, పెద్ద చక్రాలు, మందపాటి కమాన్ కట్టలు, దాదాపు తొమ్మిదడుగుల పళ్లెం. గతుకుల రోడ్డు, దూరపు యార్డు, ఎక్కువ బరువు మూడూ కలిసిన చోట ఇదే నిలబడుతుంది. గుంటూరు మిరప యార్డుకు, నున్న మామిడి మార్కెట్‌కు వెళ్లే దారిలో ఈ బండ్ల వరసే దీనికి సాక్ష్యం. ధర తొమ్మిది పది లక్షల దాకా పోతుంది కాబట్టి పది మంది సరుకు తోలగలిగిన రైతుకే ఇది. శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు తయారుచేస్తున్న డీ-మ్యాక్స్ వంటివి, రెండు వరసల సీట్లతో నాలుగు చక్రాల శక్తి ఉన్న పికప్‌లు, పెద్ద తోటల యజమానులకు, మన్యం దారులకు పనికొస్తాయి. మనుషులూ సరుకూ విడివిడిగా కూర్చునే ఏర్పాటు వాటి మేలు, ధర వాటి అడ్డంకి.

డీజిలు పికప్ కొనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు కొంతసేపు ఏకధాటిగా వేగంగా నడవాలి. రోజూ రెండు కిలోమీటర్లు పొలానికి, రెండు ఇంటికి తిరిగే బండిలో ఆ జల్లెడ మూసుకుపోతుంది, మరమ్మతు ఖరీదైనది. పొట్టి ప్రయాణాలే ఎక్కువైతే పెట్రోలు, సీఎన్‌జీ, విద్యుత్ బండ్లే మేలు. పోతే, సీఎన్‌జీ కొనే ముందు బంకు ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి. ఇరవై కిలోమీటర్లు వెళ్లి వరసలో నిలబడితే ఆదా అయినదంతా అక్కడే పోతుంది.

విదేశాల్లో పొలం పనులకే తయారైన పొట్టి బండ్లున్నాయి. జాన్ డీర్ గేటర్, కుబోటా ఆర్‌టీవీ లాంటివి. అమెరికా పొలాల్లో వాటిని చూసి వచ్చినవాళ్లు ఇక్కడెందుకు లేవని అడుగుతుంటారు. వందల ఎకరాల ఒకే కమతంలో, రోడ్డెక్కకుండా తిరగడానికి అవి పుట్టాయి. మన పొలం నుంచి గడప దాటితే ఊరి రోడ్డే. రోడ్డు మీదా పొలంలోనూ రెండు చోట్లా నడవలేని బండి మన చిన్న రైతుకు బరువే.

విద్యుత్ బండ్ల సంగతి

మూడు చక్రాల విద్యుత్ సరుకు బండ్లు ఇప్పుడు పల్లెలకూ వస్తున్నాయి. 2020 అక్టోబరులో వచ్చిన మహీంద్రా ట్రియో జోర్ మోత 550 కిలోలు. 2022 మేలో ప్రకటించిన నాలుగు చక్రాల ఏస్ ఈవీ మోత 600 కిలోలు. రోజూ ఒకే దారి, నలభై యాభై కిలోమీటర్ల లోపు, రాత్రి ఇంటి దగ్గరే నిలిపే బండి, ఈ మూడు షరతులు కుదిరిన పాల సేకరణకు, కూరగాయల రైతుకు ఇవి లాభసాటి. కిలోమీటరు ఖర్చు డీజిలుతో పోలిస్తే చాలా తక్కువ, ఆయిల్ మార్పులు లేవు, క్లచ్చు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. ఒక్క చార్జింగుకు కంపెనీ చెప్పే దూరంలో మూడింట రెండు వంతులే నమ్ముకుని లెక్క వేసుకోవాలి. బరువు, ఎత్తుపల్లాలు, మే నెల ఎండ మిగతాది తినేస్తాయి. పొలం మోటారుకిచ్చిన ఉచిత కరెంటు నీళ్లు తోడడానికే, బండి చార్జింగు ఇంటి మీటరు మీదే పెట్టుకోవాలి. దగ్గరి సర్వీసు కేంద్రం ఎంత దూరమో అడగకుండా విద్యుత్ బండి కొనకూడదు, ఎందుకంటే ఊరి మెకానిక్ దాన్ని ఇంకా నేర్చుకుంటున్నాడు.

కాగితాలు, చట్టం

చట్టం దృష్టిలో వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కాదు, పికప్, ఏస్, ఆటో ట్రాలీ మాత్రం రవాణా వాహనాలు. సొంత టమాటాలే మోసినా వాటికి పసుపు నంబరు ప్లేటు, ఫిట్‌నెస్ పత్రం తప్పవు. ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. మోడల్ ఎంచుకునేటప్పుడు ఈ గీతకు ఇవతల ఉందా, అవతలా అని చూసుకోవడం డబ్బు మిగిలించే పని.

లైసెన్సు విషయంలో ఏళ్లుగా ఉన్న అయోమయం 2024 నవంబరు 6న తొలగింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. సరైన లైసెన్సు లేదన్న వాదనతో బీమా తిరస్కరించే దారి దీంతో చాలావరకు మూసుకుపోయింది. మోయవలసిన దానికంటే ఎక్కువ మోస్తే మాత్రం 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

ట్రాక్టరు వెనక ట్రక్కుకు విడిగా రిజిస్ట్రేషన్, విడిగా బీమా కావాలి. చాలామంది ట్రాక్టరుకు కట్టి ట్రక్కును వదిలేస్తారు. వ్యవసాయానికని తీసుకున్న ట్రాక్టరుతో ఇసుక, ఇటుక కిరాయికి తోలితే, ప్రమాదం జరిగిన రోజు ఆ బీమా మీద వివాదం ఖాయం.

పన్నుల విషయంలో 2025 సెప్టెంబరు 22 నుంచి రైతుకు ఊరట దక్కింది. ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి, సరుకు రవాణా బండ్లు, మూడు చక్రాల బండ్ల మీద 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందరి ధర చూసి అడ్వాన్సు ఇవ్వకండి, కొత్త ధర పట్టిక అడగండి.

సరుకు బండిలో మనుషులు

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలంలో మిరప కోతకు వెళుతున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడింది. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళుతున్న మరో ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడింది. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు. నీళ్లలో పడిన ట్రక్కు తిరగబడితే కిందున్నవాళ్లు బయటికి రాలేరు. ఇది విధి కాదు, సరుకు మోయడానికి చేసిన పెట్టెలో మనుషుల్ని ఎక్కించిన ఫలితం.

ట్రాక్టరు నడిపే ఒక్కరి కోసమే తయారైన బండి. సరుకు వాహనంలో సరుకు యజమానికి లేదా ఆయన ప్రతినిధికి చట్టం బీమా రక్షణ ఇస్తుంది. ఊరికే ఎక్కిన మనిషికి సరుకు వాహన బీమా వర్తించదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో స్పష్టం చేసింది. అంటే పొలానికి కూలీల్ని ట్రక్కులో తెచ్చిన రైతు, ప్రమాదం జరిగితే ఆ కుటుంబాలకు తన పొలం అమ్మి చెల్లించాల్సి రావచ్చు. చెల్లించినా పోయిన తల్లి తిరిగి రాదు. బండి ఎంచుకునేటప్పుడు కూలీల ప్రయాణాన్ని విడి ఖర్చుగా రాసుకోవాలి. ప్రయాణికుల ఆటోలో పరిమితి మేరకే మనుషుల్ని ఎక్కించి, రెండు విడతలుగా తెచ్చినా ఆ కిరాయి కూలి ఖర్చులో చిన్న భాగమే.

వాయిదా ఎవరు కడతారు?

ఎనిమిది లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా దాదాపు 17,400 రూపాయలు, ఏడాదికి రెండు లక్షల తొమ్మిది వేలు. బండి ఏడాదికి అరవై రోజులే కదిలితే, కదిలిన ప్రతి రోజు మీద వాయిదా ఒక్కటే దాదాపు 3,480 పడుతుంది. డీజిలు, డ్రైవరు, బీమా, టైర్లు వేరు. అదే బండి రెండు వందల రోజులు తిరిగితే రోజుకు 1,045. ఊళ్లో ఆ రోజుకు కిరాయి బండి ఎంతకు దొరుకుతుందో ఈ అంకె పక్కన రాసి చూస్తే, కొనాలా, కిరాయికి తీసుకోవాలా అన్నది తేలిపోతుంది.

వాయిదా తీరూ ముఖ్యమే. ట్రాక్టరు అప్పులకు పంట చేతికొచ్చే ఆరు నెలలకొకసారి కట్టే పద్ధతి దొరుకుతుంది. పికప్‌కు నెల నెలా కట్టాలి. పత్తి, మిరప రైతుకు ఆదాయం ఏడాదిలో రెండు మూడు నెలలే. మిగతా నెలల వాయిదాకు పాలో, కూరగాయలో, కిరాయో లేకపోతే ఆ బండి ఫైనాన్సు కంపెనీ షెడ్డుకే చేరుతుంది. నెలసరి ఆదాయం లేని రైతు నెలసరి వాయిదా బండి కొనకూడదు.

పాతబండి చెడ్డ ఎంపిక కాదు, చూసి కొంటే. చాసిస్ మీద అతుకులు, వంగిన కమాన్లు, చల్లటి ఇంజను మొదటి స్టార్టులో వదిలే పొగ, ఒక వైపే అరిగిన టైర్లు చూడాలి. మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి లోడుతో ఎత్తు ఎక్కించి చూడాలి. ఆర్‌సీ మీద ఫైనాన్సు తొలగిందా, ఫిట్‌నెస్ ఉందా, చలాన్లు బాకీ ఉన్నాయా చూడాలి. పేరు మార్పిడి పూర్తయ్యాకే చివరి డబ్బు ఇవ్వాలి. నోటి మాట మీద బండి చేతులు మారితే, పాత యజమాని చేసిన తప్పుకు కొత్త యజమాని, కొత్త యజమాని చేసిన ప్రమాదానికి పాత యజమాని కోర్టు మెట్లెక్కుతారు.

అయిదారుగురు రైతులు కలిసి ఒక పికప్ కొనుక్కోవడం, రైతు ఉత్పత్తిదారుల సంఘం పేరున బండి పెట్టుకోవడం మన చిన్న కమతాలకు సరిపోయే దారి. 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం కూడా పనిముట్ల అద్దె కేంద్రాలకు రాయితీ ఇస్తోంది. ఎవరి రోజు ఎవరిది, డీజిలు ఎవరిది, మరమ్మతు ఎలా పంచుకోవాలి అన్నవి మొదటి రోజే కాగితం మీద రాసుకుంటే ఈ ఏర్పాటు నిలుస్తుంది.

ఎవరికి ఏది

మూడెకరాల లోపు వరి, పత్తి, అపరాల రైతుకు మోపెడ్ సొంతం, మిగతాదంతా కిరాయి. పాడి, కూరగాయలు, పూలతో రోజూ పట్నం వెళ్లే రైతుకు ఆటో ట్రాలీ. దారి చదునైతే, దూరం తక్కువైతే దానిలోనే విద్యుత్ బండి. రెండు రోజులకొకసారి ముప్పావు టన్ను సరుకు ముప్ఫై కిలోమీటర్లు దాటి పంపే రైతుకు ఏస్ తరగతి. పొరుగు రైతుల సరుకూ తోలుతూ ఏడాదికి రెండు వందల రోజులు తిప్పగలిగినవారికి బొలెరో తరగతి. తోట లోపలే ఎక్కువ పని ఉన్నవారికి చిన్న ట్రాక్టరు. పది ఎకరాలకు మించిన సేద్యమో, ఊళ్లో చాలినంత కిరాయి దుక్కో ఉన్నవారికే పెద్ద ట్రాక్టరు, ట్రక్కు. ఆయిల్ పామ్ రైతు తోట పది ఎకరాలు దాటితే పికప్ గురించి ఆలోచించవచ్చు, లోపైతే పక్క తోటలతో కలిసి బండి మాట్లాడుకోవడమే మేలు.

బండి రైతుకు గౌరవం తెస్తుందన్న మాట పల్లెల్లో ఇంకా బలంగా ఉంది. ఇంటి ముందు నిలబడిన కొత్త ట్రాక్టరును చూసి సంబంధాలు కుదుర్చుకునే రోజులూ ఉన్నాయి. ఆ ఒత్తిడికి లొంగి కొన్న బండి అయిదేళ్ల పాటు ఆ ఇంటి చదువుల మీదా, వైద్యం మీదా వడ్డీ వసూలు చేస్తుంది. బరువెంత, బాట ఎలాంటిది, రోజులెన్ని అన్న మూడు లెక్కలూ ఇంట్లో అందరూ కూర్చుని, ముఖ్యంగా ఆ బండిలో సరుకు ఎక్కించి దించే ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని వేయాలి. ఆ తర్వాత కూడా కొనాలనే తేలితే కొనండి. కిరాయే చాలని తేలితే, ఆ వాయిదా డబ్బుతో బోరుకు డ్రిప్పు వేయండి, గట్లు కట్టండి, పాడి పెంచండి. బండి కిరాయికి దొరుకుతుంది, తడి ఉన్న భూమి కిరాయికి దొరకదు.